పూర్తిగా మారిన కాంపాక్ట్ ఎస్‌యూవీ: పాతదీ కొత్తదీ నడిపినవాళ్లు చెప్పండి

నాలుగుచక్రాలు

అందరికీ నమస్కారం. నా దగ్గరున్నది పాత తరం కాంపాక్ట్ ఎస్‌యూవీ, పెట్రోలు ఆటోమేటిక్. ఇప్పుడు కంపెనీ అదే పేరుతో పూర్తిగా కొత్త బండి తెచ్చింది. ప్లాట్‌ఫారం, అంటే కింది చట్రం, కొత్తది, లోపలంతా కొత్తది, పొడవు పెరిగింది, ఇంజిన్‌తోపాటు బ్యాటరీ, మోటారూ ఉండే హైబ్రిడ్ కూడా ఇస్తున్నారు. ఎక్స్ఛేంజ్ చేద్దామా వద్దా అని ఇంట్లో రోజూ ఇదే చర్చ.

షోరూమ్‌కి వెళ్తే అక్కడి అబ్బాయి చాలాసేపు స్క్రీనే చూపించాడు. లోపలి లైట్ల రంగులు మార్చాడు, సన్‌రూఫ్ తెరిచాడు, నోటితో చెప్తే కిటికీ దిగుతుందని చూపించాడు. రోడ్డు మీద ఎలా ఉంటుందని అడిగితే "సూపర్ సార్" అన్నాడు, అంతే. వీడియో రివ్యూల్లోనూ అదే వరస. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మీది ఏ కంపెనీ అయినా పర్వాలేదు. ఒక తరం నుంచి తర్వాతి తరానికి మారినవాళ్లు ఏం బాగుపడిందో, ఏం చెడిందో రాయండి.

ఒక్క మనవి. తిట్టేటప్పుడు కంపెనీ పేరు రాయకండి. పోయినసారి టైర్ల చర్చ ఎక్కడికి పోయిందో అందరికీ గుర్తుండే ఉంటుంది.

గేర్‌బాక్స్

పోయినేడు నేను చేసింది ఇదే కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

ముందు మంచి. బాడీ గట్టిపడింది, ఆ తేడా మొదటి మలుపులోనే తెలిసిపోతుంది. పాత బండిలో స్పీడ్ బ్రేకర్‌ని ఏటవాలుగా ఎక్కిస్తే డాష్‌బోర్డు ఎక్కడో కిర్రుమనేది. కొత్తదాంట్లో ఆ చప్పుడు లేదు. హైవే మీద గాలి హోరు కూడా బాగా తగ్గింది. ముందు తలుపులకి రెండు పొరల అద్దం ఇచ్చారు, అదే కారణం అనుకుంటాను. బ్రేక్ పెడల్ ఎంత నొక్కితే అంత పడుతోంది, మొదట్లోనే గట్టిగా పట్టేసే అలవాటు పోయింది. అన్నిటికంటే ముఖ్యం సీటు. కుషన్ పొడవు పెంచారు, తొడల కింద ఆసరా దొరుకుతోంది. దూరం వెళ్లి దిగినా నడుము పట్టేయడం లేదు. ఈ విషయం ఏ బ్రోషర్‌లోనూ ఉండదు, రోజూ నడిపేవాడికి మాత్రం ఇంతకంటే పెద్ద మార్పు ఇంకోటి లేదు.

ఇక చెడు. నాది టాప్ మోడల్, 19 అంగుళాల చక్రాలు. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. పెద్ద గుంతల్ని బాగానే మింగుతుంది కానీ, అతుకులేసిన రోడ్డు మీద నలభైలో వెళ్తుంటే లోపల ఒకటే దడదడ. వేగం పెరిగితే సర్దుకుంటుంది. ఈ విషయంలో పాత బండే నయం.

రెండోది ఏసీ. పాతదాంట్లో మూడు నాబ్‌లు ఉండేవి, చూడకుండా చెయ్యి చాస్తే దొరికేవి. ఇప్పుడు టెంపరేచర్ స్క్రీన్ కింది అంచున ఉంది, ఫ్యాన్ వేగం మార్చాలంటే ఇంకో పేజీకి వెళ్లాలి. గతుకుల్లో వేలు ఒకచోట పెట్టబోతే ఇంకోచోట తగులుతుంది.

మొత్తం మీద బండి మెరుగైంది. మీరు మాత్రం టాప్ మోడల్ అని ఫిక్సయ్యే ముందు మిడ్ వేరియంట్ కూడా నడిపి చూడండి.

పాతకారు

బటన్ చేయాలంటే అచ్చు కావాలి, వైరు కావాలి, స్విచ్చు కావాలి. స్క్రీన్‌లో బొమ్మ గీయడానికి ఇవేవీ అక్కర్లేదు. మిగతా కబుర్లన్నీ షోరూమ్ కోసం.

టార్క్‌బాబు

పాతకారు అన్నా, ప్రతి చర్చలోనూ ఇదే మాట. నేను కూడా మొదట్లో చిరాకుపడ్డవాడినే. ఏసీని 23లో, ఆటోలో పెట్టేస్తే ఇక ముట్టుకునేదేముంది? పాటలకి స్టీరింగ్ మీద బటన్లున్నాయి, ఫోన్‌కి నోటిమాట చాలు. పైగా ఈమధ్య వచ్చిన అప్‌డేట్‌తో మా బండిలో మొదటి పేజీలోనే ఫ్యాన్ గుర్తు పెట్టారు. నాబ్‌కి అప్‌డేట్ రాదు కదా. మ్యాప్ అంత పెద్దగా కనిపించడం అలవాటయ్యాక చిన్న స్క్రీన్ బండి ఎక్కబుద్ధి కావడం లేదు.

ఇంజిన్ గురించి ఎవరూ మాట్లాడరేంటి? మాది పాతది 2.0 లీటర్ల మామూలు పెట్రోలు, కొత్తది 1.5 లీటర్ల టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే రకం. ఓవర్‌టేక్ చేయాలంటే పాతదాన్ని నాలుగు వేల ఆర్‌పీఎం దాకా ఏడిపించాలి. ఇది రెండు వేలు కూడా దాటకముందే లాగేస్తుంది. నాకైతే ఈ ఒక్కదానికే మారొచ్చనిపించింది.

రాత్రిప్రయాణం

"ఇక ముట్టుకునేదేముంది" అన్నారు. వానలో ముందు అద్దానికి ఆవిరి పట్టినప్పుడు ముట్టుకోవాలి. ఎదురుగా లారీ లైట్లు పడుతుంటే డీఫాగ్ ఏ పేజీలో ఉందో వెతుక్కోవడం నాకు చాలా టెన్షన్. డీఫాగ్‌కి విడిగా బటన్ ఉన్న బండీ ఉంది, లేని బండీ ఉంది. టెస్ట్ డ్రైవ్‌లో చూడాల్సిన మొదటి సంగతి నా లెక్కలో అదే.

ఒక పరీక్ష గురించి చెప్తాను. 2022లో స్వీడన్‌లో ఒక కార్ల పత్రిక కొన్ని కొత్త కార్లనీ, పోలిక కోసం 2005 నాటి ఒక వోల్వోనీ గంటకు 110 కి.మీ. వేగంలో నడిపించింది. డ్రైవర్‌కి ఇచ్చినవి మామూలు పనులే. సీటు హీటర్ వేయడం, రేడియో స్టేషన్ మార్చడం, ట్రిప్ మీటర్ సున్నా చేయడం, స్క్రీన్ వెలుగు తగ్గించడం, ఇలాంటివి. బటన్లున్న ఆ పాత వోల్వోలో అన్నీ కలిపి 10 సెకన్లలో అయిపోయాయి, ఈలోపు బండి 306 మీటర్లు వెళ్లింది. అన్నిటికంటే వెనకబడిన కొత్త కారులో 44.9 సెకన్లు పట్టింది. అంటే 1,372 మీటర్లు.

టార్క్‌బాబు

తెలియని బండిలో కూర్చోబెట్టి వెంటనే పరీక్ష పెడితే ఎవరికైనా అంతే పడుతుంది. రోజూ నడిపేవాడి సంగతి వేరు.

రాత్రిప్రయాణం

వెంటనే పెట్టలేదు బాబూ. పరీక్షకి ముందు సిస్టమ్ అలవాటు చేసుకోవడానికి డ్రైవర్లకి టైమ్ ఇచ్చారు. రోజూ నడిపితే ఇంకాస్త తగ్గుతుందేమో, ఒప్పుకుంటాను. కానీ నాబ్‌ని వేలితో తడిమి పట్టుకోవచ్చు, నున్నటి గాజు మీద తడిమితే ఏం తెలుస్తుంది? గుర్తు ఎక్కడుందో తెలిసినా సరే, కంటితో చూసే నొక్కాలి.

యూరప్‌లో కార్ల భద్రతని పరీక్షించి నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా ఇదే పట్టుకుంది. 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్లు, వైపర్, హారన్, ఆపదలో సాయం పిలిచే ఎస్ఓఎస్, ఈ ఐదింటికి స్క్రీన్‌తో పని లేకుండా విడిగా మీటలుంటేనే ఐదు నక్షత్రాలకి పూర్తి మార్కులు అంటోంది. అది చట్టం కాదు. అయినా నక్షత్రాలు పోతే అమ్మకాలు పోతాయి కాబట్టి కంపెనీలు వింటాయి. ఏసీ మాత్రం ఆ ఐదింటిలో లేదు, అదే నా బాధ.

పాతకారు

మాజ్డా సంగతి చూడండి. 2019 మాజ్డా3లో అసలు టచ్ స్క్రీనే పెట్టలేదు. ముట్టుకోవడానికి ముందుకి వంగితే డ్రైవర్ దృష్టి చెదురుతుంది, గేర్ పక్కన తిప్పుకునే నాబ్ చాలు అన్నారు. ఎంత మంచి మాటో అనుకున్నాను. 2025లో మూడో తరం సీఎక్స్-5 చూపించారు. ఆ నాబ్ లేదు. దాని బదులు 15.6 అంగుళాల దాకా టచ్ స్క్రీన్. ఆరేళ్లలో డ్రైవర్ దృష్టికి ఏమైందో మరి.

వెనకసీటు

నేను నడిపేది తక్కువేం కాదు కానీ, మా ఇంట్లో బండి ఎలా ఉందని తీర్పు చెప్పేది వెనక కూర్చునేవాళ్లే. అందుకే ఆ వైపు నుంచి రాస్తాను.

కొత్త తరాల్లో పెరిగిన పొడవులో ఎక్కువ భాగం వెనక కాళ్ల దగ్గరికే వస్తోంది. పాతకారు గారు చెప్పిన సీఎక్స్-5నే తీసుకుంటే, పొడవు 115 మి.మీ. పెరిగి 4,690కి వచ్చింది, వీల్‌బేస్ కూడా అంతే పెరిగింది. అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్యనే ఆ జాగా అంతా. మా బండిలోనూ ఇదే మేలు జరిగింది. పిల్లల సీటు వెనక్కి తిప్పి బిగించినా ముందు సీటు జరపాల్సిన పని లేదు. తలుపు కూడా దాదాపు పూర్తిగా పక్కకి తెరుచుకుంటోంది, వంగి సీటు బిగించడం తేలికైంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం. మాది హైబ్రిడ్, బ్యాటరీ వెనక సీటు కింద పెట్టారు. నేల కాస్త ఎత్తయింది, సీటు మాత్రం అంత ఎత్తు పెరగలేదు. పొడుగువాళ్లు కూర్చుంటే చిన్న పీట మీద కూర్చున్నట్టు మోకాళ్లు పైకొస్తాయి. మా మావయ్యగారు పాత బండిలో హాయిగా నిద్రపోయేవారు, ఇందులో గంటకోసారి ఆపమంటున్నారు. అన్ని హైబ్రిడ్లూ ఇలాగే ఉంటాయని కాదు. షోరూమ్‌లో పెట్రోలు బండి వెనక సీటులో కూర్చుని చూసి హైబ్రిడ్ బుక్ చేయకండి, రెండింటిలోనూ కూర్చోండి.

ఇంకోటి, కిటికీల కింది గీత. డిజైన్ కోసం వెనక్కి వెళ్లేకొద్దీ దాన్ని పైకి లేపారు. మా చిన్నదానికి ఇప్పుడు ఆకాశం తప్ప ఏమీ కనబడదు, వాంతులు మొదలయ్యాయి.

ముందుచూపు

వెనకసీటు గారూ, మీ పాపకే కాదు, డ్రైవర్‌కీ అదే గతి.

ఈ సైజు బండ్ల గురించే అమెరికాలోని రోడ్డు భద్రత పరిశోధన సంస్థ ఐఐహెచ్ఎస్ 2025లో కొలతలు బయటపెట్టింది. డ్రైవర్ సీటు నుంచి చూస్తే బండి ముందు 10 మీటర్ల లోపు నేల ఎంత కనిపిస్తుందో లెక్కగట్టారు. 1997 హోండా సీఆర్-వీలో 68 శాతం. అదే పేరుతో ఉన్న 2022 బండిలో 28 శాతం. పేరు అదే, తరాలు మారాయి, చూపు సగానికంటే తక్కువకి పడిపోయింది.

కారణాలు మూడు కనిపిస్తాయి. బానెట్ ఎత్తు పెరిగింది, పక్క అద్దాల డొప్పలు పెద్దవయ్యాయి, ముందు అద్దానికి అటూ ఇటూ ఉండే స్తంభాలు లావెక్కాయి. ఆ స్తంభాలని ఊరికే తిట్టలేం. బండి పల్టీ కొడితే పైకప్పు నలగకుండా కాపాడేవి అవే, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. కానీ మలుపు తిరిగేటప్పుడు రోడ్డు దాటే మనిషి సరిగ్గా ఆ స్తంభం వెనక నడిస్తే, నీతోపాటే కదులుతూ చివరిదాకా కనపడడు. నేనిప్పుడు కూడళ్ల దగ్గర తల ముందుకీ వెనక్కీ ఊపుతూ తిప్పుతాను. పక్కనున్నవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

360 డిగ్రీల కెమెరా పార్కింగ్‌కి బంగారం, కాదనను. నడుస్తున్నప్పుడు మాత్రం ఈ చిక్కుకి అది జవాబు కాదు.

టార్క్‌బాబు

ఈ పాయింట్ నిజం. మా ఆవిడ ఎత్తు తక్కువ, పాత బండిలో బానెట్ అంచు కనిపించేది, ఇందులో కనిపించడం లేదంటోంది. సీటు మొత్తం పైకి లేపితే పైన తల దగ్గర సన్‌రూఫ్ చట్రం.

చిన్నటైరు

గేర్‌బాక్స్ గారి దడదడకి కారణం టైరు మీదే రాసి ఉంటుంది. ఈ సైజు బండ్లలో ఎక్కువగా కనిపించే రెండు సైజులు తీసుకుందాం: 225/65 ఆర్17, 225/55 ఆర్19. మొదటి అంకె వెడల్పు, మి.మీ.లలో. రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో చెప్తుంది. 225లో 65 శాతం అంటే 146 మి.మీ. 55 శాతం అంటే 124. టైరు మొత్తం ఎత్తు రెండింటికీ దాదాపు ఒకటే, 724కి 730. అంటే రిమ్ము పెరిగినంత మేరా రబ్బరూ గాలీ తగ్గాయి. గుంత తగిలినప్పుడు మొదట వంగాల్సింది ఆ సైడ్‌వాలే, స్ప్రింగ్ పని తర్వాత. 22 మి.మీ. వంగే జాగా పోయాక దెబ్బ లోపలికి రాక ఎక్కడికి పోతుంది?

పైగా 19 అంగుళాల రిమ్ము బరువు, టైరు ధర, అవసరానికి ఎక్కడపడితే అక్కడ దొరక్కపోవడం. ఇవన్నీ తర్వాత తెలిసొస్తాయి.

గేర్‌బాక్స్

మరి 17కి మార్చేసుకోవచ్చా?

చిన్నటైరు

టాప్ మోడల్‌కి బ్రేక్ డిస్క్ పెద్దది ఇచ్చి ఉంటే 17 రిమ్ము ఆ డిస్క్‌ని పట్టే కాలిపర్‌కి తగలొచ్చు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ చూడండి. మీ వేరియంట్‌కి కంపెనీ ఒప్పుకున్న సైజులు, గాలి ఒత్తిడి దాని మీద ఉంటాయి. 17 ఉంటే ధైర్యంగా మార్చండి. లేకపోతే 18 దగ్గర ఆగండి. ముందు ఖర్చు లేని పని ఒకటి: గాలి చల్లటి టైర్లలో చూపించి, స్టిక్కర్ మీద రాసినంతే పెట్టించండి. డెలివరీ అప్పుడు ఎక్కువ కొట్టి ఇచ్చిన బండ్లు నేను చూశాను.

గేర్‌బాక్స్

స్టిక్కర్‌లో 18 ఉంది, 17 లేదు. గాలి మాత్రం నిజంగానే ఎక్కువుంది, తగ్గించాను. దడదడ పూర్తిగా పోలేదు కానీ పళ్లు కదలడం లేదు. ధన్యవాదాలు.

పాతకారు

అసలు వీటిని కాంపాక్ట్ అని ఎందుకంటున్నామో ఎవరైనా చెప్పండి. 1994లో మొదటి టయోటా రావ్4 వచ్చినప్పుడు మూడు తలుపుల బండి పొడవు 3.7 మీటర్లు. స్టెప్నీ వెనక తలుపుకి వేలాడేది. ఇప్పుడు అదే పేరుతో వస్తున్నది 4.6 మీటర్లు. 1995లో వచ్చిన మొదటి సీఆర్-వీలో డిక్కీ నేల పలకని బయటికి తీసి కాళ్లు విప్పితే మడత బల్ల అయ్యేది. ఈ కాలం డిజైనర్‌కి ఆ ఆలోచన వస్తే దానికీ ఒక యాప్ పెడతాడు.

పార్కింగ్ గీతలు మాత్రం ఆ రోజుల్లో గీసినవే.

వెనకసీటు

ఆ బల్ల గురించి తెలియదు, భలే ఉంది. మా బండిలో ఆ పలక తీస్తే థర్మకోల్ కనిపిస్తుంది.

కొండదారి

నేను ఎక్కువగా ఘాట్ రోడ్లలో తిరుగుతాను. కొత్త తరం హైబ్రిడ్ తీసుకున్నాను. పల్లంలో, ట్రాఫిక్‌లో అద్భుతం. బండి స్టార్ట్ అయిందో లేదో తెలియనంత నిశ్శబ్దం, మైలేజీ కూడా బాగుంది. ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక మాత్రం ఇంజిన్ ఒకే గొంతుతో అరుస్తుంది. కాలు తీసినా కాసేపు ఆపదు. వేగానికీ శబ్దానికీ సంబంధమే ఉండదు. సర్వీసు సెంటర్‌లో అడిగితే "ఇది ఇంతే సార్" అన్నారు. పాడైందా, నిజంగానే ఇంతేనా?

గేర్‌బాక్స్

పాడవలేదు, దాని పద్ధతే అంత. హైబ్రిడ్లలో ముఖ్యంగా రెండు దారులున్నాయి. టయోటా దారిలో ఇంజిన్‌నీ రెండు మోటార్లనీ ఒక ప్లానెటరీ గేర్ సెట్ (నడిమి గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగేది) కలుపుతుంది. ఈ-సీవీటీ అంటారు కానీ మామూలు సీవీటీ గేర్‌బాక్స్‌లో ఉండే బెల్టు దీని లోపల ఉండదు. హోండా దారిలో మామూలు వేగాల్లో ఇంజిన్ పని జనరేటర్ తిప్పడం, చక్రాన్ని తిప్పేది మోటారు. హైవే వేగం వచ్చాక క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రానికి కలుస్తుంది. ఆ క్లచ్ పడనంతవరకు, ఏ దారైనా ఇంజిన్ వేగం చక్రం వేగంతో ముడిపడి ఉండదు, ఏ వేగంలో తిరిగితే లాభమో ఆ వేగంలో తిరుగుతుంది.

పొడవాటి ఎక్కుడులో చిన్న బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. అప్పుడు బండిని లాగడం, బ్యాటరీని నింపడం రెండూ ఇంజిన్ మీదే పడతాయి. మీరు కాలు తీశాక కూడా అరిచేది ఆ నింపుడు కోసమే. దిగేటప్పుడు గేర్ మీటలో 'బి' మోడ్ (బండిని నెమ్మదిగా పట్టి ఉంచేది) ఉంటే వాడండి, బ్రేకులు వేడెక్కవు.

ఘాట్‌లో రోజూ తిరిగేవాళ్లు టర్బో, మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కలిసిన బండి కూడా నడిపి చూసి నిర్ణయించుకోవడం మేలు. కానీ ఆ ఎంపికే తగ్గిపోతోంది. 2025లో చూపించిన ఆరో తరం రావ్4లో ఉత్త పెట్రోలు ఇంజిన్ అసలు లేదు. హైబ్రిడ్, కాకపోతే కరెంటు ప్లగ్గు పెట్టి చార్జ్ చేసుకునే ప్లగ్-ఇన్ హైబ్రిడ్.

టార్క్‌బాబు

మైలేజీ సంగతి తీశారు కాబట్టి ఒక డౌటు. మా పాత బండి బ్రోషర్‌లో ఉన్న అంకె కొత్తదానికంటే ఎక్కువ! కొత్త టెక్నాలజీ అని చెప్పి తక్కువ ఇవ్వడమేంటి?

గేర్‌బాక్స్

ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టకూడదు. పాత బ్రోషర్లు ఎన్ఈడీసీ అనే పరీక్ష ప్రకారం రాసినవి. 20 నిమిషాలు, 11 కి.మీ., అంతా మెల్లగా. యూరప్‌లో 2017 సెప్టెంబరు నుంచి కొత్త మోడళ్లకి డబ్ల్యూఎల్‌టీపీ వచ్చింది. 30 నిమిషాలు, 23 కి.మీ., వేగాలూ ఎక్కువ. పరీక్ష గట్టిదైతే అంకె తగ్గుతుంది, బండి తాగేది పెరిగినట్టు కాదు. ట్యాంకు నిండా కొట్టించి, ఓడోమీటర్ రాసుకుని, మళ్లీ నిండా కొట్టించి లెక్కేయండి. రెండు బండ్లకీ ఒకే దారిలో. అదొక్కటే నమ్మదగ్గ అంకె.

మోడరేటర్

డీజిల్ మేలా, పెట్రోలు మేలా అనే పోస్టులు తీసేశాను. దానికి వేరే చర్చ ఉంది, అది ఎప్పటికీ తెగదు కూడా. ఇక్కడ తరం మార్పు గురించే.

రాత్రిప్రయాణం

సహాయక వ్యవస్థల గురించి ఎవరైనా రాయాలి, సరే నేనే రాస్తాను. నా కొత్త బండిలో క్రూజ్ కంట్రోల్ ముందు బండిని చూసి దానంతటదే వేగం తగ్గిస్తుంది, పెంచుతుంది. రాత్రి దూర ప్రయాణంలో కుడికాలికి ఇంత విశ్రాంతి ఎప్పుడూ దొరకలేదు. పాత తరానికి తిరిగి వెళ్లలేనంటే కారణం ఇదే.

గీతల మధ్య ఉంచే సిస్టమ్ మాత్రం సగం సగం. గీతలు బాగున్న చోట బాగుంటుంది. గీత చెరిగిపోయిన చోట, రోడ్డు పనుల కోసం కొత్త గీత వేసి పాతది వదిలేసిన చోట, స్టీరింగ్‌ని తప్పు వైపుకి లాగుతుంది. గట్టిగా కాదు, అయినా ఉలిక్కిపడతాం. సైకిల్‌కి జాగా ఇద్దామని ఇండికేటర్ లేకుండా పక్కకి జరిగితే వెనక్కి నెడుతుంది. తీసేద్దామంటే మూడు మెనూలు లోపల ఉంది, ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికి. కొన్నిటికి ఇది నిబంధనే. యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటిలో స్పీడ్ లిమిట్ హెచ్చరిక ఉండి తీరాలి, స్టార్ట్ చేసిన ప్రతిసారీ అది ఆన్‌లోనే ఉండాలి. కొన్ని కంపెనీలు స్టీరింగ్ మీద ఒక బటన్‌ని కాసేపు నొక్కి పడితే ఆగేలా పెట్టాయి. మీరు చూసే బండిలో అలా ఉందో లేదో అడగండి.

కొండదారి

స్టెప్నీ గురించి కూడా అడగండి.

నా కొత్త బండిలో స్టెప్నీ లేదు, ఆ చోట బ్యాటరీ సామాను పెట్టారు. బదులుగా ఒక సీసా జిగురు, చిన్న పంపు. ఘాట్‌లో రాయి తగిలి సైడ్‌వాల్ చీరింది. ఆ జిగురు ట్రెడ్‌లో, అంటే టైరు రోడ్డుకి తగిలే భాగంలో, మేకు దిగిన లాంటి చిన్న చిల్లులకే, మాన్యువల్‌లో 4 మి.మీ. దాకా అని రాసుంది. సైడ్‌వాల్ చీలికకి ఎందుకూ పనికిరాదు. సిగ్నల్ లేదు, చీకటి పడుతోంది. టోయింగ్ బండి వచ్చేసరికి ఇంట్లోవాళ్లందరం మాట్లాడుకోవడం మానేశాం. ఆ సీసాకి ఎక్స్‌పైరీ డేటు కూడా ఉంటుంది, చూసుకోండి.

చిన్నటైరు

19 అంగుళాల టైరా అది?

కొండదారి

అవును. ఇప్పుడేమీ అనకండి.

పాతకారు

డిక్కీ లీటర్లు పెరిగాయని ప్రకటనల్లో వేసేది ఇందుకే. స్టెప్నీ తీసేసిన గుంట కూడా లెక్కలోకి వస్తే పెరగదా మరి? కొలిచేది లీటరు పట్టే దిమ్మెలతో, 200 × 100 × 50 మి.మీ. అలాంటివి చిన్న చిన్న సందుల్లోనూ పడతాయి. మన సూట్‌కేసులు పడతాయా? కిటికీ అంచు దాకా కొలిచారా, పైకప్పు దాకానా, నేల కింది గుంటతో కలిపా, ఇవి అడిగితే అమ్మేవాళ్ల దగ్గర జవాబుండదు. మీ సామాను మీరే తీసుకెళ్లి పెట్టి చూసుకోండి.

నాలుగుచక్రాలు

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. అమ్మనీ తీసుకెళ్లాను, వెనకసీటు గారి మాట మీద.

హైబ్రిడ్‌లో అమ్మ కూర్చున్న వెంటనే "కాళ్లెక్కడ పెట్టాలి" అంది. పెట్రోలు బండిలో ఆ మాట రాలేదు. దాంతో సగం చర్చ అక్కడే తేలిపోయింది. మా తిరుగుడు ఎక్కువగా హైవే, కాబట్టి హైబ్రిడ్ మైలేజీ లాభం మాకు తక్కువే. టాప్, మిడ్ రెండూ ఒకే దారిలో నడిపాను. సేల్స్ అబ్బాయి ఎంచిన నున్నటి రోడ్డు కాకుండా, రైల్వే గేటు వైపు తీసుకెళ్లమన్నాను. 17 అంగుళాల బండి పట్టాల మీద దాదాపు నా పాత బండిలాగే వెళ్లింది. 19 బండిలో ఆ అబ్బాయే మాట్లాడటం ఆపేశాడు.

ఇంకో చిత్రం. మిడ్ వేరియంట్‌లో స్క్రీన్ చిన్నది, దాని కింద ఏసీకి నిజమైన బటన్ల వరస ఉంది! టాప్‌లో స్క్రీన్ పెద్దది చేయడానికి ఆ వరస తీసేశారు. డీఫాగ్ బటన్ రెండింటిలోనూ ఉంది. ముందు స్తంభం లావే, ముందుచూపు గారు చెప్పినట్టు తల ఊపాల్సిందే. సీటు ఎత్తు సర్దుకుంటే బానెట్ అంచు కొంచెం కనిపిస్తోంది. గీతల సిస్టమ్ తీసేయడానికి స్టీరింగ్ మీద బటన్ ఉంది, కానీ ప్రతిసారీ నొక్కాలి.

మిడ్ వేరియంట్, టర్బో పెట్రోలు, మామూలు ఆటోమేటిక్. దాదాపు ఖాయం. మిగిలింది స్టెప్నీ. డిక్కీ నేల ఎత్తి చూశాను. గుంట ఉంది, టైరు లేదు. సన్నటి స్టెప్నీ విడిగా అమ్ముతారట. ఆ గుంటలో పడుతుందా, పలక సమంగా మూసుకుంటుందా అని అడిగాను. కనుక్కుని చెప్తామన్నారు. బుకింగ్ డబ్బు ఆ జవాబు వచ్చాకే.

టార్క్‌బాబు

చిన్న స్క్రీనా! సరే, మీ ఇష్టం. టర్బో తీసుకున్నారు, అది చాలు.

కొండదారి

స్టెప్నీ కొంటే జాక్, వీల్ స్పానర్ కూడా దాంతో వస్తాయో లేదో అడగండి. జిగురు సీసా ఇచ్చే బండ్లలో అవి ఇవ్వకపోవచ్చు. చక్రాలకి లాకింగ్ నట్టు ఉంటే దాని తాళం ఏ అరలో పెట్టారో కూడా చూసుకోండి.